మీకు తెలుసా? విశాఖలో టికెట్ మనది... రన్‌వే నేవీది!

విశాఖపట్నంలో ఎప్పుడైనా విమానం ఎక్కారా? అయితే మీరు నౌకాదళ స్థావరంలోంచి గాల్లోకి లేచారు! అవును, నిజం! టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. చెకిన్ కౌంటర్లు, కాఫీ కొట్లు అన్నీ ఇటు. విమానం పరుగెత్తే రన్‌వే మాత్రం అటు, నేవీది! ఆ స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగ. 1991 అక్టోబరు 21న జాతికి అంకితమైంది. ఇంటి యజమాని నేవీ, అద్దెకున్నది మనం!

ఇంకాస్త దగ్గరికి రండి, చెప్తాను. మీ విమానం దిగడానికి పచ్చజెండా ఊపేది ఎవరనుకున్నారు? నేవీ కంట్రోలర్లే! ఇండిగో అయినా, ఎయిరిండియా అయినా, యుద్ధనౌక మీంచి వచ్చిన హెలికాప్టర్ అయినా అందరికీ టవర్ ఒక్కటే. ఆ టవర్ చెప్పిందే వేదం!

ఇక్కడ ప్రయాణికుల విమానాలు మొదలైన కొత్తలో రోజుకు ఎన్ని వచ్చేవో ఊహించండి. పది? అయిదు? ఊహూఁ. ఒక్కటంటే ఒక్కటి! అది 1981 నాటి మాట.

మరి ఆ ఒక్క విమానం ఊరు ఎక్కడిదాకా వచ్చింది? 2018-19లో ఈ టెర్మినల్ గుండా రాకపోకలు సాగించినవాళ్లు 28 లక్షలు దాటారు! అంతమందీ నేవీ రన్‌వే మీదే దిగారు, నేవీ రన్‌వే మీదే లేచారు. వాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసంటారు?

రన్‌వే పొడవు 3,050 మీటర్లు. వినడానికి మామూలు అంకెలా ఉంది కదూ? ఈ చివర నుంచి ఆ చివరకు గబగబా నడిచినా అరగంట దాటిపోతుంది! నేల తాకే వేగంతోనే ఆగకుండా దూసుకెళ్తే విమానానికి ముప్పావు నిమిషం చాలు! బ్రేకులు గట్టివి కాబట్టి సరిపోయింది.

రన్‌వే చివర్లలో పెద్దపెద్ద అంకెలు వేసి ఉంటాయి. విశాఖలో ఒకవైపు 10, ఇంకోవైపు 28. అవి వరుస నంబర్లు కావు, దిక్సూచి లెక్క! పక్కన సున్నా చేర్చండి. ఈ వైపు నుంచి వెళ్తే 100 డిగ్రీలు, ఆ వైపు నుంచి వస్తే 280 డిగ్రీలు! ఇంకో తమాషా. ప్రపంచంలో ఏ రన్‌వే తీసుకున్నా రెండు చివరల అంకెల తేడా ఎప్పుడూ 18! ఈసారి కిటికీ సీటు దొరికితే లెక్క కట్టి చూడండి.

ఆకాశంలో మన పైలట్, సైనిక పైలట్ ఇద్దరూ ఒకే గాలిలో ఉంటారు. కానీ ఒకరి మాట ఒకరికి వినిపించకపోవచ్చు! ప్రయాణికుల విమానాలు మాట్లాడే రేడియో పట్టీ వేరు, సైన్యం ఎక్కువగా వాడే పట్టీ వేరు. మరి ప్రాణాల మీదికి వస్తే? అందుకు ఇద్దరికీ చెరో ఆపద్బాంధవి ఉంది. మనది 121.5 మెగాహెర్ట్జ్. సైన్యానిది? సరిగ్గా దానికి రెట్టింపు, 243! యాదృచ్ఛికం కాదు సుమా, కావాలనే అలా పెట్టుకున్నారు.

మరి రెండు రకాల విమానాలు తిరిగేచోట ఢీకొనవా? ఆ మాట టవర్ దగ్గర అనకండి! కంట్రోలర్ దారి ఇచ్చిన రెండు విమానాలు ఒకదాని మీదుగా ఒకటి వెళ్లాలంటే మధ్యలో నిలువునా కనీసం 1,000 అడుగులు ఖాళీ ఉండాలి. అంటే దాదాపు వంద అంతస్తుల మేడ నిలబడేంత జాగా!

నేవీ విమాన స్థావరాల పేర్లు ఎప్పుడైనా వరసగా చదివారా? కొచ్చిలో గరుడ. గోవాలో హంస. అరక్కోణంలో రాజాలి. ముంబయిలో శిక్రా. మన విశాఖలో డేగ. అన్నీ పక్షులే! దేశానికి దక్షిణపు అంచున, గ్రేట్ నికోబార్‌లో ఉన్న స్థావరం పేరు కూడా పక్షిదే, బాజ్. అది 2012లో మొదలైంది. పేర్లు పెట్టినవాళ్లకు మార్కులు వేయాల్సిందే!

ఇప్పుడు ఆ డేగ గూట్లోకి తొంగిచూద్దాం.

తోక దగ్గర చిన్న పంకా లేకపోతే హెలికాప్టర్ బొంగరంలా గిర్రున తిరిగిపోతుందని బళ్లో చదివాం కదా? విశాఖలోని కామోవ్-28కి ఆ పంకా లేనే లేదు! అయినా నిబ్బరంగా ఎగురుతుంది. ఎలాగంటారా? నడినెత్తిన 2 రోటర్లు, ఒకదాని మీద ఒకటి. ఇది కుడికి తిరిగితే అది ఎడమకు! లెక్క సరి. తోక పొట్టిది కావడంతో ఓడ మీద ఇరుకు జాగాలోనూ దిగిపోతుంది. దీని పనేంటో తెలుసా? సముద్రం అడుగున దాక్కున్న జలాంతర్గాముల వేట!

డోర్నియర్-228 ఇంకో వింత. విశాఖ నుంచి ఇది సముద్రం మీద గస్తీ తిరుగుతుంది. కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసింది. అదే డోర్నియర్ ఈశాన్య రాష్ట్రాల్లో టికెట్ కొనుక్కున్న జనాన్ని మోస్తోంది! 2022 ఏప్రిల్ 12న డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కు తొలి ప్రయాణం. అక్కడ బస్సు, ఇక్కడ కాపలాదారు. విమానం మాత్రం ఒక్కటే!

హాక్ జెట్లు తెలుసా? వీటిది పాఠాలు చెప్పే పని. రేపు యుద్ధవిమానం నడపబోయే కుర్రాళ్లు ముందు వీటి మీద చేయి తిప్పుకుంటారు. పాఠాల బండే కదా అని తేలిగ్గా తీసేయకండి. వేగం గంటకు 1,000 కిలోమీటర్ల దాకా పోతుంది! మీరెక్కిన విమానం టాక్సీవే మీద ఆగి ఉంది, ఎందుకో చెప్పడం లేదు... బహుశా ముందు ఓ శిష్యుడు దిగాల్సి ఉందేమో!

గాల్లో ఎగిరే ఐసీయూ ఉందంటే నమ్ముతారా? విశాఖలో ఉంది! 2022 జులై 4న ఐఎన్‌ఎస్ డేగలో కొత్త దళం ఒకటి మొదలైంది. నంబరు 324. దాని హెలికాప్టర్లు స్వదేశీ ఏఎల్‌హెచ్ మార్క్-3లు. సముద్రం మధ్యలో ఎవరి ప్రాణమైనా ఊగిసలాడుతుంటే, ఊడదీసి పెట్టుకునే ఐసీయూని లోపల బిగించుకుని వెళ్తాయి. అవసరం తీరాక విప్పేసి మళ్లీ గస్తీకి!

ఓడ కొంటే హెలికాప్టర్లు! అమెరికా నేవీ వాడిన ట్రెంటన్ అనే ఓడను మనం కొన్నాం. అదే ఇప్పటి ఐఎన్‌ఎస్ జలాశ్వ. దాని కోసం అమెరికా నుంచే 6 సీకింగ్ హెలికాప్టర్లు కూడా తెచ్చుకున్నాం. 17 ఏళ్లు మన దగ్గర పనిచేశాయి. తుపాన్లలో, వరదల్లో ఎందరినో ఆదుకున్నాయి. 2024 జూన్‌లో వీడ్కోలు. ఎక్కడ? ఇంకెక్కడ, ఐఎన్‌ఎస్ డేగలోనే!

ఇక అసలు రాక్షసి గురించి చెప్పాలి. టీయూ-142! రష్యా విమానం. విశాఖ బీచ్ రోడ్డులో ఠీవిగా నిలబడి ఉంటుంది. చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి, పిడత కింద పప్పు తిని వచ్చేస్తారు. ఆగండి! ముందు ఆ రెక్కలు చూడండి. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 50 మీటర్లు! ఒలింపిక్ ఈత కొలను పొడవు అంత!

దాని పంకాలు లెక్కపెట్టారా? ఇంజిన్లు నాలుగు. ఒక్కో ఇంజిన్‌కు ముందొక వరస, వెనకొక వరస. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది ఎదురు తిరుగుతుంది. మొత్తం రెక్కలు 32! ప్రపంచంలో అంత వేగంగా వెళ్లిన పంకాల విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జెట్ విమానాలకు దీటుగా పరుగెత్తేది!

దాని జాతకం ఇంకా గొప్పది. భారత నౌకాదళంలో ఈ విమానాలు 29 ఏళ్లు తిరిగాయి. మొత్తం 30,000 గంటలు! ఒక్క ప్రమాదం లేదు! నేల మీద దిగకుండా ఎగిరితే ఎంతో తెలుసా? మూడేళ్ల అయిదు నెలలు! నన్నడిగితే విశాఖ వెళ్లినవాళ్లు కైలాసగిరి కంటే ముందు దీనికే దండం పెట్టాలి.

మరి అంత పెద్ద విమానం బీచ్‌కు ఎలా వచ్చింది? రోడ్డు మీద దిగిందా? లేదు లేదు! అరక్కోణం నుంచి ఎగిరొచ్చి ఐఎన్‌ఎస్ డేగలో చివరిసారి చక్రాలు ఆనించింది. అంటే మనం దిగే రన్‌వే మీదే! తర్వాత భాగాలు విప్పి, ట్రెయిలర్ల మీద ఊరు దాటించి, బీచ్ రోడ్డులో మళ్లీ అతికించారు! 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మ్యూజియంగా ప్రారంభమైంది.

అక్కడే వెనక్కి తిరగండి. రోడ్డుకు అవతల ఇసుక మీద జలాంతర్గామి! ఐఎన్‌ఎస్ కురుసుర. 91 మీటర్ల పొడవు! వేటాడే విమానం ఇటు, వేటకు చిక్కకూడని జలాంతర్గామి అటు. మధ్యలో మన ఆటోలు! ఇలాంటి వీధి ఇంకెక్కడుంది చెప్పండి?

అదే బీచ్ రోడ్డులో ఇంకో మొనగాడు దాక్కున్నాడు. సీ హారియర్! జెట్ యుద్ధవిమానమే కానీ గాల్లో నిలబడి, మెల్లగా నిలువునా దిగేది! విమానవాహక నౌక మీద కాస్త చోటుంటే చాలు. నౌకాదళం 2016లో దీనికి విశ్రాంతి ఇచ్చింది.

విశాఖ మీద బాంబులు పడ్డాయని తెలుసా? సినిమాలో కాదు, నిజంగానే! 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు సముద్రం మీంచి వచ్చాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచాయి. విశాఖతో పాటు కాకినాడనూ వదల్లేదు! నాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. వెళ్లి చూడొచ్చు. భయం లేదు!

హుద్‌హుద్ తుపాను గుర్తుందా? విశాఖవాసుల్ని అడగక్కర్లేదు, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2014 అక్టోబరు 12న టెర్మినల్ పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. అద్దాలు పగిలాయి. సీలింగ్ ఊడి వేలాడింది. ఇక నెలల తరబడి మూతే అనుకున్నారంతా. ఎన్ని రోజుల్లో విమానాలు మళ్లీ తిరిగాయో తెలుసా? 5 రోజుల్లో!

రాత్రి విమానం ఎందుకు లేదో తెలియక తిట్టుకున్నవాళ్లు ఉన్నారు. 2023 నవంబరు నుంచి కొన్ని నెలల పాటు విశాఖ రన్‌వే రాత్రిళ్లు మూతపడింది. కారణం? నేవీ రన్‌వేకు కొత్త పూత వేసుకుంది! పగలంతా విమానాలు. చీకటి పడితే రోడ్డు రోలర్లు. తెల్లారేసరికి మళ్లీ విమానాలు! రన్‌వే ఒక్కటే ఉన్నచోట ఇంకేం చేస్తారు పాపం?

నౌకాదళ స్థావరం నుంచి నేరుగా విదేశానికి వెళ్లొచ్చా? ఎంచక్కా వెళ్లొచ్చు! 2011లోనే సింగపూర్ విమానం ఇక్కడ రెక్క విప్పింది. పాస్‌పోర్టు మీద ముద్ర, కిటికీలోంచి నేవీ హ్యాంగర్లు. రెండూ ఒక్క ప్రయాణంలోనే!

2016 ఫిబ్రవరిలో విశాఖ సముద్రం నిండిపోయింది. ప్రపంచ నలుమూలల నుంచి యుద్ధనౌకలు వరస కట్టాయి! అంతర్జాతీయ నౌకా సమీక్ష అది. 50 దేశాల దాకా పాల్గొన్నాయి. పైన విమానాల బారులు, కింద ఓడల బారులు. బీచ్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు!

విశాఖ ఒక్కటే అనుకుంటున్నారా? అబ్బే! దేశంలో ఇలా సైన్యం రన్‌వే మీద జనం విమానాలు దిగే చోట్లు 20కి పైగా ఉన్నాయి. వీటిని సివిల్ ఎన్‌క్లేవ్‌లంటారు. పుణె అంతే. శ్రీనగర్ అంతే. చండీగఢ్, బాగ్‌డోగ్రా, లేహ్... మీరు వెళ్లి వచ్చిన ఊళ్లలో రెండు మూడైనా ఉండి ఉంటాయి!

గోవా డబోలిమ్ మరీ తమాషా. సెలవులకు వెళ్లే జనం పొద్దున్నే దిగాలనుకుంటారు. నేవీ మాత్రం పొద్దున్నే పాఠాలు పెట్టుకుంటుంది! ఏళ్ల తరబడి అక్కడ పనిదినాల్లో ఉదయం నాలుగున్నర గంటల సేపు రన్‌వే నేవీకే. విహారం ఆగుతుంది, శిక్షణ ఆగదు!

ఆ డబోలిమ్ రన్‌వే మీద మన వైమానిక దళమే బాంబులు వేసింది! కంగారుపడకండి. అప్పుడు గోవా పోర్చుగీసు వాళ్లది. 1961 డిసెంబరు 18. ఏకంగా 12 కాన్‌బెర్రా విమానాలు వచ్చిపడ్డాయి. రన్‌వే గుంతలు గుంతలైంది. ఇక ఏ విమానమూ లేవదనుకున్నారు. ఆ రాత్రే హడావిడిగా కొంత మేర గుంతలు పూడ్చి, రెండు పోర్చుగీసు విమానాలు చీకట్లో ఎగిరిపోయాయి! ఇప్పుడు అక్కడ దిగే హనీమూన్ జంటలకు ఇదంతా ఎవరు చెప్తారు?

పుణె సంగతి వినండి. ఊరు కోట్ల వ్యాపారం చేసేది. ఐటీ కంపెనీలు కిటకిట. అలాంటి నగరానికి 2021 అక్టోబరులో ఒక్క విమానం రాలేదు, పోలేదు. ఎన్నాళ్లు? 14 రోజులు! రన్‌వే వైమానిక దళానిది. దానికి మరమ్మతు వచ్చింది. అంతే సంగతులు!

లేహ్‌లో విమానం దిగగానే తల తిరుగుతుంది. ఎందుకు తిరగదు? ఆ విమానాశ్రయమే 3,256 మీటర్ల ఎత్తున ఉంది! అక్కడ తొలిసారి దిగిన విమానానికి మ్యాపు లేదు. మంచు కరిగించే పరికరం లేదు. కింద ఉన్నది అప్పటికప్పుడు చదును చేసిన ఇసుక నేల! పైలట్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని అక్కడ దింపేశారు. గుండెధైర్యం అంటే అదీ!

పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లు దిగే రన్‌వే ఎవరిది? నేవీదే! ఐఎన్‌ఎస్ ఉత్క్రోష్. విశాఖ నుంచి ఓడెక్కితే 2 రోజులు దాటాకే నేల కనిపిస్తుంది. చెన్నైలో విమానం ఎక్కితే ఓ కునుకు తీసేలోపే!

మన బేగంపేటదీ ఇంచుమించు ఇలాంటి కథే. ఒకే రన్‌వే మీద హైదరాబాదు జనం, వైమానిక దళం. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఆ రోజు నుంచే బేగంపేటలో టికెట్ విమానాలు బంద్! వైమానిక దళం మాత్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. ప్రయాణికులే ఖాళీ చేశారు!

విమానాశ్రయం అక్కర్లేదు, రోడ్డే చాలు! ఆంధ్రాలో కొరిశపాడు దగ్గర చెన్నై హైవే మీద ఎప్పుడైనా వెళ్లారా? రోడ్డు ఉన్నట్టుండి వెడల్పై, తిన్నగా, నున్నగా మారిపోతుంది. అది 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే! లారీలు ఆపేసి యుద్ధవిమానాలతో అక్కడ పరీక్షలు చేశారు. సుఖోయ్ నెత్తి మీదుగా వెళ్తుంటే పొలాల్లో జనం నోళ్లు తెరిచి చూశారు!

కిటికీ తెర దించమని చెప్పిన రోజులున్నాయి, తెలుసా? 2025 మే నెలలో పౌరవిమానయాన శాఖ నియంత్రణ సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది. సైనిక విమానాశ్రయాల్లో, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు వైపున, విమానం లేచాక 10,000 అడుగులు దాటేవరకు తెర దించాలన్నది అప్పటి మాట. దిగేటప్పుడూ అంతే! ఎమర్జెన్సీ ద్వారం పక్క వరసకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. సైనిక రన్‌వేలను ఫొటో తీయడం ఎప్పటి నుంచో నిషేధమే. రీల్స్ వీరులారా, వింటున్నారా?

ఇక కొసరు ముక్క. భోగాపురంలో విశాఖకు కొత్త విమానాశ్రయం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. దానికి శంకుస్థాపన ఒకసారి కాదు, రెండుసార్లు జరిగింది! 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి. పలుగు, పారల పుణ్యం ఇద్దరికీ దక్కింది!

ఆ కొత్త రన్‌వే పొడవు 3,800 మీటర్లు! నేవీ రన్‌వే కంటే 750 మీటర్లు ఎక్కువ. ప్రయాణికుల విమానాలను అక్కడికి తరలించాలన్నది ప్రణాళిక. అప్పుడు ఐఎన్‌ఎస్ డేగ రన్‌వే మీద నేవీకి తోడుండేవాళ్లు ఉండరు! విశాఖ నుంచి విమానం ఎక్కే పని పడితే టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రెండింటికీ మధ్య దూరం 40 కిలోమీటర్ల పైమాటే!